మోకాలు ఎదురు వంగి పుట్టిన బిడ్డ: వైద్యం తేలికే, సరిహద్దు దాటేటప్పుడే చిక్కు

బిడ్డ పుట్టగానే ఇంట్లో పెద్దవాళ్లు ముందు చూసేది గట్టిగా ఏడ్చిందా, వేళ్లన్నీ సరిగా ఉన్నాయా, ముక్కు ఎవరి పోలిక అన్నదే. కాళ్ల వైపు చూపు పోయేది ఆ తర్వాతే. కొన్ని కాన్పుల్లో ఆ చూపు అక్కడే ఆగిపోతుంది. కాలు మోకాలి దగ్గర వంగకూడని వైపు వంగి ఉంటుంది. పాదం పొట్ట మీదికో, ఛాతీ మీదికో, ఒక్కోసారి మొహం దాకానో వచ్చి ఉంటుంది. కిందికి లాగితే కాస్త వస్తుంది, వదిలితే మళ్లీ పైకి పోతుంది. కాలు విరిగిందేమోనని బాలింత ఏడుస్తుంది. ఎవరి చేయి జారిందోనని బంధువులు గుసగుసలాడతారు.

విరగలేదు, ఎవరి చేయీ జారలేదు. ఇది పుట్టుకతో మోకాలి కీలు తప్పి ఉండటం. లక్ష కాన్పుల్లో ఒకరిలో కనిపిస్తుందని వైద్యులు సాధారణంగా చెప్పే లెక్క. అరుదే. కానీ మన దేశంలో ఏటా రెండు కోట్లకు పైగా పిల్లలు పుడతారు. ఆ లెక్కన చూస్తే ఏటా రెండు వందల ఇళ్లకు తక్కువ కాకుండా ఈ కష్టం వస్తుంది. చూడగానే భయం వేసే ఈ లోపానికి, తొలి రోజుల్లోనే మొదలుపెడితే, చాలామందిలో కత్తి అవసరం లేని వైద్యం ఉంది. వారం వారం మార్చే పిండికట్టే ఆ వైద్యం.

మరి చిక్కు ఎక్కడుంది? గుర్తించడంలో కన్నా, మొదలుపెట్టిన వైద్యాన్ని తెగకుండా నడపడంలో ఉంది. తరాలుగా రాష్ట్రాల సరిహద్దుల్లో బతుకుతున్న మన తెలుగు కుటుంబాలకు ఈ చిక్కు మిగతావారికన్నా ఎక్కువ. పుట్టిల్లు ఒక రాష్ట్రంలో, అత్తిల్లు మరో రాష్ట్రంలో ఉండటం మనకు మామూలు కాబట్టి.

గ్రహణం కాదు, ఎవరి పాపమూ కాదు

ఇలాంటి బిడ్డ పుట్టిన ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న, గ్రహణం రోజు తల్లి బయటికి వచ్చిందా అని. మొర్రి పెదవిని గ్రహణం మొర్రి అనే అలవాటు మనది. ఆ మాటకూ ఈ లోపానికీ సంబంధం లేదు.

కడుపులో బిడ్డ మామూలుగా మోకాళ్లు ముడుచుకుని ఉంటుంది. తల పైకి, పిర్రలు కిందికి ఉండి, కాళ్లు నిటారుగా మొహం వైపు చాచుకుని ఇరుక్కుపోయినప్పుడు మోకాలు ఎదురు వైపు వంగిపోయే అవకాశం ఉంది. ఉమ్మనీరు తక్కువగా ఉన్నా బిడ్డ కదలడానికి చోటు తగ్గుతుంది. తొడ ముందు వైపు కండరం పొట్టిగా, బిగుసుకుని ఉంటే అది మోకాలిని ముందుకు లాగేస్తుంది.

కొందరిలో మాత్రం మోకాలు ఒక్కటే సమస్య కాదు. చాలా కీళ్లు బిగుసుకుని పుట్టే ఆర్థ్రోగ్రైపోసిస్, అనేక కీళ్లు తప్పి పుట్టే లార్సెన్ సిండ్రోమ్ వంటి వాటిలో మోకాలు ఒక భాగం. వెన్నుపూస లోపం ఉన్న పిల్లల్లోనూ ఇది రావచ్చు. మోకాలు ఒక్కటే తప్పిన బిడ్డకు ఫలితం బాగుంటుంది. ఇతర లోపాలతో కలిసి వస్తే చికిత్స ఎక్కువ కాలం సాగుతుంది, శస్త్రచికిత్స అవసరమూ పెరుగుతుంది. అందుకే మోకాలు చూసిన డాక్టరు బిడ్డను తల నుంచి పాదం దాకా పూర్తిగా పరీక్షించాలి. అడగడం మన హక్కు.

ఇంట్లోవాళ్లు ఏం గమనించాలి?

అప్పుడే పుట్టిన బిడ్డ మోకాలు సహజంగా కాస్త వంగే ఉంటుంది. నిటారుగా చాపాలని చూసినా పూర్తిగా చాచుకోదు. కొన్ని వారాల తర్వాతే ఆ వంపు పోతుంది. కాబట్టి పుట్టిన రోజే మోకాలు కర్రలా నిటారుగా ఉన్నా, ఎదురు వైపు వంగినా అది గమనించాల్సిన సంగతే.

రెండో గుర్తు, మోకాలి ముందు వైపు చర్మం మీద అడ్డంగా ముడతలు. మామూలు బిడ్డకు మడత మోకాలి వెనక ఉంటుంది. ఇక్కడ అది ముందుకు వస్తుంది. మోకాలి వెనక తడిమితే తొడ ఎముక కొన గుండ్రంగా చేతికి తగులుతుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. సుమారు సగం మందిలో మోకాలితో పాటు తుంటి కీలు కూడా తప్పి ఉంటుంది. కొందరిలో పాదం లోపలికి తిరిగి వంకర పాదం కూడా ఉంటుంది. మోకాలు కంటికి కనిపిస్తుంది, తుంటి కనిపించదు. పైకి కనిపించే మోకాలికి కట్టు వేయించుకుని ఇంటికి వచ్చేస్తే, కనిపించని తుంటి నడక వచ్చే దాకా బయటపడదు. తొలి నెలల్లో తుంటి ఎముక తల ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటుంది. ఎక్స్‌రేలో సరిగా తెలియదు. అల్ట్రాసౌండ్‌తోనే చూడాలి. మోకాలు తప్పిన ప్రతి బిడ్డకూ తుంటి స్కానింగ్ చేయించాలి. పిర్రలు కిందికి ఉండి పుట్టిన పిల్లలకు మోకాళ్లు బాగున్నా సరే, సుమారు ఆరు వారాలకు తుంటి స్కానింగ్ చేయించడం మంచిది.

వైద్యం ఎలా సాగుతుంది?

మోకాలు ఎంత వరకు వంగుతోందన్నదే వైద్యానికి కొలత. డాక్టరు నెమ్మదిగా వంచి చూసినప్పుడు తొంభై డిగ్రీలు దాటి వంగితే తేలికపాటి లోపం. ముప్పైకీ తొంభైకీ మధ్య ఆగిపోతే మధ్యస్థం. ముప్పై డిగ్రీలు కూడా వంగకపోతే తీవ్రం.

తేలికపాటి లోపమైతే కొద్ది రోజులు మెల్లగా వంచుతూ, చిన్న పట్టీ కడితే సరిపోవచ్చు. మధ్యస్థమైతే డాక్టరు మోకాలిని నొప్పి పుట్టనంత మేరకే వంచి, ఆ స్థితిలో తొడ నుంచి కింది దాకా పిండికట్టు వేస్తారు. వారం తర్వాత కట్టు విప్పి, ఇంకొంచెం వంచి, మళ్లీ వేస్తారు. ఇలా కొన్ని వారాలు. మోకాలు తొంభై డిగ్రీలు దాటి వంగి, కీలు సరైన చోటికి వచ్చాక పట్టీకి మారుస్తారు. తుంటి కూడా తప్పి ఉంటే పావ్లిక్ హార్నెస్ అనే మెత్తటి పట్టీల తొడుగు వేస్తారు. అది వేయాలంటే మోకాలు వంగి తీరాలి. అందుకే ముందు మోకాలు, తర్వాత తుంటి అన్న వరస. వంకర పాదం ఉంటే దాని కట్టు కూడా మోకాలి కట్టుతో పాటే సాగుతుంది.

పుట్టిన తొలి రోజుల్లో బిడ్డ కీళ్ల చుట్టూ ఉన్న కణజాలం మెత్తగా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ బిగుస్తుంది. తొలి వారంలో నాలుగు కట్లతో అయ్యే పనికి, రెండు మూడు నెలలు ఆగితే ఎన్ని కట్లైనా చాలకపోవచ్చు. కట్లతో కీలు చోటికి రాకపోతే తొడ ముందు కండరపు స్నాయువును చిన్న గాటుతో వదులు చేస్తారు, లేదా పెద్ద శస్త్రచికిత్సతో పొడిగిస్తారు. దాన్ని నడక వచ్చేలోపే చేయడం మేలు. ఏ వైద్యమూ లేకుండా వదిలేస్తే ఆ మోకాలు నిలకడ లేకుండా, ఎదురు వంగుతూనే నడకలోకి వస్తుంది.

ప్రేమతో చేసే హాని

మన ఇళ్లలో పసిబిడ్డకు నూనె రాసి, కాళ్లూ చేతులూ లాగి, కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి నీళ్లు పోసే అలవాటు ఉంది. మామూలు బిడ్డకు మెత్తటి చేతితో నూనె రాస్తే నష్టం లేదు. కానీ ఎదురు వంగిన మోకాలిని నీళ్లు పోసే మనిషి చేతికి అప్పగించి, రోజూ కాస్త వంచమ్మా అనకూడదు. బలవంతంగా వంచితే మోకాలు వంగినట్టే కనిపిస్తుంది. నిజానికి కీలు వంగదు. దాని పక్కనే ఎముక పెరిగే మెత్తటి భాగం జరిగిపోతుంది, లేదా ఎముకే వంగుతుంది. నయమైందని మనం సంబరపడుతుంటే లోపల కొత్త గాయం మొదలవుతుంది. డాక్టరు నేర్పితే, నేర్పినంతే ఇంట్లో చేయాలి.

రెండోది కట్టు కట్టించడం. హోసూరు నుంచి వేలూరు దాకా, అటు చెన్నై దాకా మన వాళ్లకు ఎముక అనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. దానికి పేరొచ్చింది విరిగిన ఎముకల విషయంలో. ఈ బిడ్డకు విరిగినదేదీ లేదు. కీలు తప్పి ఉంది, కండరం బిగుసుకుని ఉంది, తుంటి కూడా తప్పి ఉండవచ్చు. స్కానింగ్ లేకుండా ఏ కట్టూ దీనికి పనికిరాదు.

మూడోది బిడ్డ కాళ్లు రెండూ నిటారుగా చాపి గుడ్డలో బిగించి చుట్టడం. తుంటికి అది మంచిది కాదు. చుట్టినా కాళ్లు వంచుకుని కదిలించుకునేంత వదులు ఉండాలి. కొంచెం పెద్దయ్యాక కాళ్లు ఎడంగా పెట్టి చంకన ఎత్తుకునే మన పాత పద్ధతి తుంటికి మేలే చేస్తుంది.

పిండికట్టు ఉన్నన్నాళ్లూ నీళ్లు పోయకూడదు, తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి. పదకొండో రోజు పురుడు స్నానం వస్తుంది, ఇరవై ఒకటో రోజు బారసాల వస్తుంది. ఆ ఒక్క రోజుకీ కట్టు విప్పించమని అడిగే పెద్దలు ఉంటారు. విప్పకూడదు. తలమీద నాలుగు చుక్కలు చల్లినా పురుడు పురుడే. కట్టు వేసిన కాలి వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, వాచినా, బిడ్డ ఎంతకూ ఏడుపు ఆపకపోయినా తెల్లారే దాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ప్రభుత్వ పథకం ఎంతవరకు వస్తుంది?

గుర్తించడానికి అవకాశం ఇప్పుడు ఎన్నడూ లేనంత ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆసుపత్రి కాన్పులు తమిళనాడులో 99.6 శాతం, కర్ణాటకలో 97 శాతం, మహారాష్ట్రలో 94.7 శాతం, ఒడిశాలో 92.2 శాతం. అంటే దాదాపు ప్రతి బిడ్డనూ తొలిరోజే ఒక నర్సో, డాక్టరో చూస్తున్నారు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన ప్రతి బిడ్డనూ లోపాల కోసం పరీక్షించాలి. లోపం ఉంటే జిల్లా స్థాయిలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. అవసరమైతే శస్త్రచికిత్స దాకా ఉచితంగా చేయించాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక ఆశా కార్యకర్త ఆరు వారాల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి: 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో.

ఈ ఏర్పాటులో రెండు ఖాళీలున్నాయి. మొదటిది, పుట్టుకతో వచ్చే లోపాల్లో ఈ కార్యక్రమం పేరుపెట్టి చెప్పినవి తొమ్మిది. వాటిలో వంకర పాదం ఉంది, తుంటి లోపం ఉంది, మోకాలు లేదు. అరుదైనది కాబట్టి లేకపోవడం అర్థం చేసుకోదగినదే. కానీ జాబితా చూసి పరీక్షించే చోట జాబితాలో లేనిది తర్వాత చూద్దాంలే అన్న మాటతో వెనక్కి పోతుంది. ఈ లోపానికి తర్వాత అన్న మాటే శత్రువు. తొలి పరీక్షలో కదలని కీలు, ఎదురు వంగిన కీలు ఏదైనా ఉందా అన్న ఒక్క ప్రశ్న చేరిస్తే మోకాలే కాదు, ఆర్థ్రోగ్రైపోసిస్ బిడ్డలు కూడా దొరుకుతారు. దానికి కొత్త యంత్రం అక్కర్లేదు. ఒక వరుస చాలు.

రెండోది డబ్బు లెక్క. ఆరోగ్య బీమా కార్డులు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు పనికొస్తాయి. వారం వారం వెళ్లి, కట్టు వేయించుకుని, సాయంత్రానికి తిరిగొచ్చే వైద్యానికి అవి పెద్దగా ఆదుకోవు. ప్రభుత్వ ఆసుపత్రిలో పిండికట్టుకు పెద్ద ఖర్చు ఉండదు. ఖర్చంతా రానుపోను చార్జీలది, పోయిన కూలిది. ఆ నాలుగైదు ప్రయాణాలు కుదరక వైద్యం మానేసిన బిడ్డకు, ఏడాది తర్వాత పెద్ద ఆపరేషన్‌కు మాత్రం కార్డు పనికొస్తుంది. ప్రభుత్వానికీ అదే ఎక్కువ ఖర్చు, బిడ్డకూ అదే ఎక్కువ బాధ. కట్టు కోసం వచ్చే తల్లికి బస్సు చార్జీ ఇవ్వడం ఆపరేషన్ కన్నా ఎన్నో రెట్లు చవక.

సరిహద్దు ఇళ్ల అసలు చిక్కు

మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లోనే. బళ్లారిలో కాపురం ఉన్న అమ్మాయి పురుడుకు అనంతపురం వెళ్తుంది. బరంపురం కోడలు ఇచ్ఛాపురం వైపు వస్తుంది. యానాం ఇంటి ఆడపిల్ల కాకినాడలో ఉంటే పురుడుకు యానాం వస్తుంది. షోలాపూర్ నేత కుటుంబాల కోడళ్లు తెలంగాణలోని పుట్టిళ్లకు చేరతారు. హోసూరు, కృష్ణగిరి ఇళ్లకైతే ఒకవైపు కర్ణాటక, మరోవైపు చిత్తూరు జిల్లా. మూడో నెలలోనో, ఐదో నెలలోనో మంచిరోజు చూసి బిడ్డను అత్తింటికి తీసుకెళ్తారు.

ఇప్పుడు ఈ క్యాలెండరును వైద్యం క్యాలెండరు పక్కన పెట్టి చూడండి. కాన్పు ఒక రాష్ట్రంలో. బిడ్డ పేరు అక్కడి రికార్డులో. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చే సరికి తల్లి మరో ఊళ్లో. కట్లు సగంలో ఉండగా ప్రయాణం. రెండో రాష్ట్రంలో కొత్త డాక్టరు, కొత్త ఓపీ చీటీ. మొదటి డాక్టరు ఏం చేశారో చెప్పే కాగితం లేదు. మళ్లీ మొదటి నుంచి ఎక్స్‌రే, మళ్లీ ప్రశ్నలు. ఈ మధ్యలో రెండు వారాలు పోతాయి. ఆ రెండు వారాల్లో కండరం తిరిగి బిగుసుకుంటుంది. ఇందులో ఏ డాక్టరు తప్పూ లేదు, ఏ అమ్మమ్మ తప్పూ లేదు. రెండు రాష్ట్రాల వ్యవస్థలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడమే తప్పు.

కాబట్టి నిర్ణయం తొలిరోజే జరగాలి. కట్ల కాలం మొత్తం ఏ ఊళ్లో ఉండాలి? పుట్టిల్లా, అత్తిల్లా అని కాదు, వారం వారం వెళ్లగలిగే ఎముకల విభాగం ఏ ఊరికి దగ్గరో అక్కడ. బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల ఉంది. యానాంకు పుదుచ్చేరి వందల కిలోమీటర్ల దూరం, కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల అనుబంధ ప్రభుత్వ ఆసుపత్రి పక్కనే. బళ్లారి, షోలాపూర్‌లలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. చాలా జిల్లాల్లో వంకర పాదం పిల్లలకు వారానికి ఒక రోజు కేటాయించి కట్లు వేస్తారు. పసిపిల్లలకు కట్టు వేయడం అలవాటైన చేతులు అక్కడ దొరుకుతాయి. మోకాలి బిడ్డనూ ఆ రోజే తీసుకెళ్లి అడగండి. మంచిరోజు కట్లు పూర్తయ్యాకే చూసుకోవచ్చు.

ఊరు మారక తప్పకపోతే కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. తల్లీబిడ్డ రక్షణ కార్డు, డిశ్చార్జి చీటీ, ఎక్స్‌రే, స్కానింగ్ రిపోర్టు, కట్టు వేయకముందు తీసిన ఫొటో. వీటితో పాటు ప్రతి కట్టు రోజునా తేదీ, మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందీ అంకెల్లో రాయించుకోండి. తమిళంలో రాసిన చీటీ ఒడిశాలో చదవలేరు. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చినా చదవడం రాదు. కానీ 20, 45, 70, 95 అన్న అంకెలను ఏ రాష్ట్రపు డాక్టరైనా ఒక్క చూపులో అర్థం చేసుకుంటారు. వైద్యం ముందుకు సాగుతోందా, ఆగిందా, వెనక్కి పోయిందా అన్నది ఆ వరసే చెబుతుంది.

కార్డుల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఆయుష్మాన్ భారత్ కింద అర్హత ఉన్న కుటుంబానికి వేరే రాష్ట్రంలో ఆ పథకంలో నమోదైన ఆసుపత్రిలోనూ చికిత్స అందాలి. రాష్ట్ర ప్రభుత్వం సొంత నిధులతో ఇచ్చే కార్డు సరిహద్దు దాటితే పనిచేస్తుందా లేదా అన్నది బిడ్డను ఎత్తుకుని వెళ్లాక కాదు, వెళ్లకముందే అడగాలి.

మన సంఘాలు ఏం చేయవచ్చు?

తెలుగు సంఘాలు ఉగాది వేడుకలు, తెలుగు బడులు, అల్పసంఖ్యాక భాషా హక్కుల కోసం ఎంతో చేస్తున్నాయి. దానికి ఇంకో చిన్న పని కలుపుకోవచ్చు. తమ జిల్లాలో పసిపిల్లలకు కట్లు వేసే రోజేది, సత్వర చికిత్స కేంద్రం ఏ భవనంలో ఉంది, సరిహద్దుకు అటువైపు అదే పని ఎక్కడ జరుగుతుంది, ఈ మూడూ ఒక కాగితం మీద తెలుగులోనూ, స్థానిక భాషలోనూ రాసి అంగన్‌వాడీలో అంటించడం. జిల్లా అధికారులను కలిసినప్పుడు, పొరుగు రాష్ట్రంలో గుర్తించిన బిడ్డను తమ రికార్డులోకి ఎలా తీసుకుంటారని అడగడం. సరిహద్దు జిల్లాల్లో ఈ ప్రశ్న ఒక్క మోకాలిదే కాదు. గుండె లోపం, మొర్రి, వినికిడి లోపం ఉన్న ప్రతి బిడ్డదీ.

లక్షలో ఒక్కరికి వచ్చే లోపం గురించి ఇంత ఎందుకన్న సందేహం రావచ్చు. ఆ ఒక్క బిడ్డ మన ఇంట్లో పుడితే లక్ష లెక్క గుర్తుండదు. ఏ గడప ముందుగా తొక్కాలన్నదే గుర్తుండాలి. మోకాలు ఎదురు వంగి ఉంటే బలవంతంగా వంచకండి, తుంటి స్కానింగ్ అడగండి, తొలి వారంలోనే కట్టు మొదలుపెట్టించండి, పూర్తయ్యే దాకా ఊరు మారకండి. ఈ నాలుగు మాటలు ఇంట్లో ఒకరికి గుర్తున్నా చాలు. చాలామంది పిల్లల్లో ఆ కాళ్లే ఏడాది తిరిగేసరికి తప్పటడుగులు వేస్తాయి.